అయిదో తరగతి చేతికొచ్చిన ఉపాధ్యాయురాలికి

ప్రశ్న: నేను నారాయణపేట జిల్లాలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పనిచేస్తున్నాను. 2024 డీఎస్సీ ద్వారా ఉద్యోగంలో చేరాను. ఇప్పటివరకు ఒకటి, రెండు తరగతులకే బోధించాను. ఈ జూన్ నుంచి అయిదో తరగతి తీసుకోమని మా హెచ్ఎం గారు చెప్పారు. పిల్లలు 23 మంది. వారిలో ఆరుగురికి చదవడం రాదని గతేడాది వారికి బోధించిన టీచర్ చెప్పారు. ఏడో వ్యక్తిగా ఒక బాబు కొత్తగా చేరుతున్నాడు. నాలుగేళ్లు ముంబయిలో తల్లిదండ్రుల పని దగ్గరే ఉండి వచ్చాడట. పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమంలో వాళ్లింటికి వెళితే తలుపు వెనక్కి వెళ్లి దాక్కున్నాడు. ముగ్గురు తల్లిదండ్రులు తమ పిల్లలకు నవోదయ విద్యాలయ ప్రవేశ పరీక్షకు కోచింగ్ ఇవ్వమని ఇప్పటికే అడిగారు. ‘మొదటి వారంలోనే భయం పెట్టకపోతే పెద్ద తరగతి పిల్లలు ఏడాదంతా మాట వినరు’ అని ఒక సీనియర్ ఉపాధ్యాయులు హెచ్చరించారు. నేను పాఠ్యపుస్తకం మొదలుపెట్టాలా, అక్షరాల దగ్గరికి వెళ్లాలా? మొదటి రోజు ఏం చేయాలి?

సమాధానం:

టీచర్ గారూ,

మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. మూడు దశాబ్దాలకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి, అందులో పదకొండేళ్లు అయిదో తరగతికే బోధించినవాడిని కాబట్టి, మీ ప్రశ్నల్లో ఒక్కటి కూడా నాకు కొత్తగా అనిపించలేదు. అయినా ఒక్కటి కూడా తేలికైనది కాదు. భయం గురించి మీ సీనియర్ చెప్పిన మాట దగ్గరే మొదలుపెడతాను. దానిని మీరు ఒప్పుకుంటారా, కాదంటారా అన్నదాని మీదే మిగిలిన ప్రశ్నలన్నిటికీ జవాబు ఆధారపడి ఉంది.

ఆ మాట చెప్పినవారికి మీ మీద ప్రేమే ఉండి ఉంటుంది, అనుభవం కూడా ఉండే ఉంటుంది. భయపెడితే తరగతి నిశ్శబ్దంగా ఉంటుందన్నది అబద్ధం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందన్న సంగతి మీకు తెలిసిందే, దానిని నేను మళ్లీ చెప్పనవసరం లేదు. నేను చెప్పదలచుకున్నది చట్టానికి అవతలి విషయం. పదేళ్ల పిల్లవాడు భయపడితే మొట్టమొదట చేసే పని తనకు రానిదానిని దాచుకోవడం. ఈ జూన్‌లో మీకు అన్నిటికంటే ముందుగా కనిపించవలసింది సరిగ్గా అదే. భయం పెట్టిన మరుక్షణం అది మీ కంటికి కనిపించకుండా పోతుంది, కొన్నిసార్లు మార్చి దాకా కనిపించదు.

ఒకటో తరగతి పాపకు చదవడం రాకపోతే ‘నాకు రాదు టీచర్’ అని ముఖం మీదే చెబుతుంది. అయిదో తరగతికి వచ్చేసరికి ఆ అమాయకత్వం పోతుంది. నాలుగేళ్లుగా చదవలేకపోతున్న పిల్లలు, చదవగలిగినట్టు కనిపించే విద్యలో ఆరితేరి ఉంటారు. అందరూ కలిసి పాఠం చదువుతున్నప్పుడు పక్కవాడి గొంతు వెనుకే అర అక్షరం ఆలస్యంగా పలుకుతారు. వరసగా చదివిస్తుంటే తమ వంతు వచ్చే ముందు మంచినీళ్లకనో, బయటికనో వేలు చూపిస్తారు. మొదటి పాఠంలోని మొదటి పేరాను ఇంట్లో అక్కతో చదివించుకుని కంఠస్థం చేసి, పుస్తకం చేతిలో పట్టుకుని తడబడకుండా అప్పజెబుతారు. వీటన్నిటికంటే మనల్ని ఎక్కువగా మోసం చేసేది చూసిరాత. బోర్డు మీద ఉన్నదానిని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించే పిల్లలలో కొందరు తాము రాసినదానిలో ఒక్క వాక్యం కూడా చదవలేరు. వారికి అది రాత కాదు, బొమ్మ గీయడం.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నేనూ బెత్తం పట్టుకునే అయిదో తరగతిలోకి అడుగుపెట్టాను. ఆ తరగతిలో ఒక అమ్మాయి నోటుబుక్కు ఎంత అందంగా ఉండేదంటే, ఆగస్టు 15న అందరి ముందు ఆమెకు బహుమతి ఇప్పించాను. నవంబరులో ఒకరోజు, గుడి గోడ మీద రాసిన ఊరి పేరు చదవమంటే చదవలేక నిలబడి ఏడ్చింది. ఆ బహుమతి తీసుకున్న రోజు నుంచి ఆమె ఎంత భయంతో బడికి వచ్చి ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. అయిదు నెలలు నేను పోగొట్టాను, ఆమె కాదు. ఇప్పటికీ జూన్ వచ్చిందంటే నాకు ఆ అమ్మాయి ముఖమే గుర్తుకొస్తుంది. మీకు ఇంత పెద్ద జవాబు రాయడానికి కారణం కూడా అదే.

కాబట్టి మొదటి మూడు వారాల్లో మీరు చేయవలసిన పని ఒక్కటే: ఏ పిల్లవాడికీ తనకు రానిదానిని మీ దగ్గర దాచుకోవలసిన అవసరం లేకుండా చేయడం. మొదటి రోజు నుంచి మీరు చేసే ప్రతి చిన్న ఏర్పాటూ దానికి సాయపడాలి.

మొదటి రోజు పాఠం చెప్పకండి. బడి తెరవగానే పాఠ్యపుస్తకాలు చేతికి అందితే అంతకంటే మంచి పని మరొకటి లేదు: పుస్తకాలకు అట్టలు వేయించండి. పాత వార్తాపత్రికలు, కిందటేటి క్యాలెండరు కాగితాలు, ఒక జిగురు సీసా, రెండు కత్తెరలు చాలు. కుర్చీ వదిలి పిల్లల మధ్యలో చాప మీద కూర్చుని మీరూ ఒక పుస్తకానికి అట్ట వేయండి. చేతులు పనిలో ఉన్నప్పుడు పిల్లల నోళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఎవరి నాన్న పత్తి విత్తనాలు వేస్తున్నాడో, ఎవరింట్లో కొత్తగా చెల్లి పుట్టిందో, ఎవరు సెలవుల్లో కూలికి వెళ్లారో, ఎవరెవరికి పడదో, మీరు ఒక్క ప్రశ్న అడగకుండానే గంటలో తెలిసిపోతుంది. అట్టలయ్యాక లేబుల్ మీద పేరు, తరగతి, బడి పేరు, ఊరు రాసుకోమనండి. ఎవరు తమంతట తాము రాసుకున్నారో, ఎవరు పేరు వరకు రాసి ఊరి పేరు దగ్గర ఆగారో, ఎవరు ‘నా చేతిరాత బాగుండదు, నువ్వు రాయి’ అని స్నేహితుడికి పుస్తకం అందించారో చూడండి. ఏమీ అనకండి, చూసి గుర్తుపెట్టుకోండి, అంతే. పుస్తకాలు ఆలస్యంగా వస్తే నోటుబుక్కులతో అదే పని చేయించవచ్చు.

ఇంకొక సంగతి. బడి తెరిచే ముందే హాజరు పట్టీ దగ్గర పెట్టుకుని 23 పేర్లూ నోటికి వచ్చేలా చదువుకోండి. మొదటి రోజు పేరు పిలిచేటప్పుడు, నిన్ను ఎలా పిలిస్తే నీకు ఇష్టం అని ఒక్కొక్కరినీ అడగండి. నాలుగేళ్లుగా ఒకే గదిలో ఉన్న పిల్లల మధ్య ‘నల్లోడు’, ‘బక్కది’, ‘నత్తోడు’ లాంటి పేర్లు స్థిరపడిపోయి ఉంటాయి. కొన్ని పేర్లకు కులం కూడా అంటుకుని ఉంటుంది. అలాంటి పేరుతో ఈ గదిలో ఎవరూ ఎవరినీ పిలవకూడదన్నది మీరు పెట్టే మొదటి నియమం కావాలి. దీనిని మాత్రం పిల్లలతో చర్చించి పెట్టనక్కర్లేదు, మీరే పెట్టండి.

రెండో రోజు నుంచి ఒక్కొక్కరి చదువు చూడండి. ఒక్కరికి మూడు, నాలుగు నిమిషాలు చాలు. రోజుకు ఆరుగురి చొప్పున నాలుగు రోజుల్లో అందరూ అయిపోతారు. మిగిలినవారు బొమ్మ వేస్తూనో, తమ ఇంటి గురించి రాస్తూనో ఉండగా, ఒక్కొక్కరినీ వరండాలోకి, తోటివారి చెవికి వినిపించనంత దూరానికి పిలవండి. అందరి ముందు చదివించడం వద్దు. చదవవలసిన కాగితం పాఠ్యపుస్తకంలోది కాకుండా మీరు స్వయంగా రాసినదై ఉండాలి, ఎందుకంటే పుస్తకంలోది ఎవరికైనా నోటికి వచ్చి ఉండవచ్చు. ముందు ఆరేడు వాక్యాల చిన్న కథ ఇవ్వండి. అది సాగితే, అందులో ఏం జరిగిందో మాటల్లో చెప్పమనండి. సాగకపోతే వెంటనే ఆపి, ‘పావురం, గొడుగు, కోడి’ లాంటి గుణింతాల మాటలు చూపండి. అదీ రాకపోతే ‘పలక, వల, గంప’ లాంటివి, ఆ తరువాతే విడి అక్షరాలు. ప్రతి పిల్లవాడూ ఏదో ఒకటి చదివి, చదవగలిగానన్న ముఖంతోనే లోపలికి వెళ్లాలి. రాని చోట ముగించకండి.

ఇలా చూస్తే, గతేడాది టీచర్ చెప్పిన ఆరుగురూ ఒకే రకం కాదని మీకు అర్థమవుతుంది. ‘చదవడం రాదు’ అన్న ఒక్క మాట కింద మనం మూడు నాలుగు వేర్వేరు ఇబ్బందులను కలిపి కట్టేస్తాం. కొందరికి అక్షరాలే గందరగోళం, ‘ప’కూ ‘వ’కూ, ‘న’కూ ‘స’కూ తేడా తెలియదు. కొందరికి అక్షరాలన్నీ వస్తాయి కానీ గుణింతం దగ్గర ఆగుతారు. నా అనుభవంలో అయిదో తరగతిలో ఎక్కువమంది ఆగేది ఒత్తుల దగ్గర. దానికి కారణం కూడా ఉంది. చ, ట, డ, ద, ప, బ, వ లాంటి వాటి ఒత్తులు ఇంచుమించు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి కాబట్టి ‘పచ్చ’, ‘గడ్డి’, ‘అవ్వ’ ఒకసారి చూపితే పట్టుకుంటారు. క, త, న, మ, య, ర, ల అనే ఏడింటికి మాత్రం ఒత్తు రూపానికీ అసలు అక్షరానికీ పోలిక దొరకదు. ‘అమ్మ’లోని రెండో ‘మ’ను ‘మ’ అని ఎలా తెలుసుకోవాలో ఎవరూ విడిగా చెప్పకపోతే పిల్లవాడికి తెలిసే దారి లేదు. ఈ ఏడింటినీ వారం, పది రోజులు విడిగా నేర్పితే, ‘చదవడం రాదు’ అనిపించుకున్న ఒకరిద్దరు మీ కళ్ల ముందే చదవడం మొదలుపెడతారు. ఇంకొక రకం పిల్లలు గడగడా చదువుతారు కానీ ఏం చదివారో చెప్పలేరు. వీరు ఆరుగురి జాబితాలో ఉండరు, మంచి విద్యార్థుల జాబితాలో ఉంటారు. వీరిని కూడా ఈ నాలుగు రోజుల్లోనే గుర్తించండి.

మీ తరగతిలో 23 మందికి ఆరుగురు అంటే మీరు బెంబేలెత్తవలసిన సంఖ్య కాదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసేందుకు గ్రామీణ భారతదేశంలో జరిగిన 2024 అసర్ సర్వేలో, అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు సగం మంది కంటే కాస్త తక్కువగానే తేలారు. భాగహారం చేయగలిగినవారు మూడో వంతుకు కూడా చేరలేదు. మన తెలంగాణలో 2022 ఆగస్టులో, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టడానికి కారణం కూడా ఈ పరిస్థితే. ఇది మీ బడి తప్పో, ఆ పిల్లల తప్పో కాదు. అయితే ఆ పిల్లలకు ప్రాథమిక పాఠశాలలో మిగిలింది ఈ ఒక్క ఏడాదే. వచ్చే జూన్‌లో వారు ఉన్నత పాఠశాలలో సబ్జెక్టుకొక ఉపాధ్యాయుడి ముందు కూర్చుంటారు. రోజంతా వారితో గడిపే ఒకే టీచర్ వారికి ఉండేది ఇదే చివరిసారి.

లెక్కల్లో కూడా ఇలాగే విడివిడిగా చూడండి. ఒక్క లెక్క చాలు: 502 లోంచి 178 తీసివేయమనండి. మీ తరగతిలో కనీసం నలుగురైదుగురు 476 అని రాస్తారని నేను అనుకుంటున్నాను. దానిని తప్పు అని కొట్టేయకుండా, ఎలా వచ్చిందో వారి నోటితోనే చెప్పించండి. ప్రతి స్థానంలో పెద్ద అంకె లోంచి చిన్న అంకెను తీసేశారు: ఎనిమిది లోంచి రెండు, ఏడు లోంచి సున్నా, అయిదు లోంచి ఒకటి. అంటే తీసివేత వారికి వచ్చు. స్థానవిలువ రాదు, అప్పు తెచ్చుకోవడం ఒక తంతులాగా మాత్రమే తెలుసు. అదే పిల్లవాడు వాళ్ల కిరాణా కొట్లో 500 నోటుకు చిల్లర తప్పు లేకుండా ఇస్తూ ఉండవచ్చు. కాబట్టి కాగితంతో వందలు, పదులు, ఒకట్ల నోట్లు చేయించండి. అయిదు వందలు, రెండు ఒకట్లు చేతికిచ్చి 178 ఇమ్మనండి. వంద నోటును పది పదులుగా, అందులో ఒక పదిని పది ఒకట్లుగా మార్చకుండా ఇవ్వలేనని వాడికే తెలుస్తుంది. నాలుగు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు చేతిలో ఉండగా 324 మిగలడం కంటితో చూస్తాడు. అయిదో తరగతి గణితంలో లక్షలు, భాగహారాలు, భిన్నాలు వస్తాయి. స్థానవిలువ నిలబడని చోట వాటిని నిలబెట్టలేము.

ఈ వివరాలన్నీ ఒకే కాగితం మీద రాసుకోండి: పేరు, చదువు ఎక్కడ ఆగింది, లెక్క ఎక్కడ ఆగింది, ఇంటి సంగతి ఒక్క ముక్క. ఆ కాగితం మీ బ్యాగులో ఉండాలి. గోడ మీద అంటించవద్దు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. పిల్లలను స్థాయిని బట్టి ఏ, బీ, సీ అని వరసలుగా కూర్చోబెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. చివరి వరసలో కూర్చున్న పిల్లలు తాము చివరివారమేనని నమ్మడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక మీ ప్రధానమైన సందేహం. పాఠ్యపుస్తకమా, అక్షరాలా? రెండూ కావాలి. కానీ రెండిటికీ వేర్వేరు గంటలు ఉండాలి. ఉదయం ప్రార్థన తరువాత మొదటి గంటను చదవడానికి కేటాయించి, ఎవరు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి పని ఇవ్వండి. ఆ ఆరుగురూ ఆ గంటలో మీ పక్కన ఉండాలి, మిగిలినవారు కథల పుస్తకాలు చదువుకోవాలి. తరువాతి గంటల్లో అయిదో తరగతి పాఠాలు అందరికీ కలిపే సాగాలి. చదవలేని పిల్లవాడిని పాఠం నుంచి కూడా దూరం చేయకండి. వాడు వినగలడు, ఆలోచించగలడు, మాట్లాడగలడు. పరిసరాల విజ్ఞానంలో చెరువు గురించీ, పంటల గురించీ మాట్లాడేటప్పుడు ఆ ఆరుగురిలోనే ఒకరు అందరికంటే ఎక్కువ చెప్పగలిగే అవకాశం ఉంది. మన పుస్తకాలు తెలుగూ, ఇంగ్లిష్ పక్కపక్క పేజీల్లో ఉండేలా అచ్చవుతున్నాయి కాబట్టి, విషయం ముందు తెలుగు పేజీలో అర్థమయ్యాకే ఇంగ్లిష్ పేజీకి వెళ్లండి. మాధ్యమం పేరు ఏదైనా పిల్లవాడికి అర్థం కావడమే మనకు కావలసింది.

పదేళ్ల పిల్లలకు ఒకటో తరగతి వాచకం ఇచ్చి ‘అ’ దగ్గర కూర్చోబెడితే వారు నేర్చుకోరు, సిగ్గుతో చచ్చిపోతారు. వారికి వారి వయసుకు తగిన మాటలే కావాలి. తరగతిలోని 23 మంది పేర్లు, బస్సు బోర్డుల మీది ఊళ్ల పేర్లు, సంతలో కూరగాయలు, ఆటగాళ్ల పేర్లు, వీటితో గుణింతాలూ ఒత్తులూ అన్నీ వచ్చేస్తాయి. నోటికి వచ్చిన పాఠం పరీక్షించడానికి పనికిరాదు కానీ, నేర్పడానికి బాగా పనికొస్తుంది. ప్రతిజ్ఞనే తీసుకోండి. నాలుగేళ్లుగా రోజూ అసెంబ్లీలో చెబుతున్నారు, పాఠ్యపుస్తకంలో అచ్చయి ఉంటుంది. నోటితో చెబుతూ ఒక్కొక్క మాట కింద వేలు పెట్టించండి. ఏ మాట ఎక్కడుందో తెలుస్తుంది కాబట్టి అక్షరం తానే దొరుకుతుంది. అదే ఊపులో తరగతి మొత్తానికీ ఒక సంగతి చెప్పండి: దేశమంతా చెప్పుకునే ఈ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసినది మన నల్లగొండ జిల్లావాడైన పైడిమర్రి వెంకట సుబ్బారావు, అప్పుడాయన విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నారు. రోజూ చేయి చాచి అప్పజెప్పే మాటలను ఒక మనిషి కూర్చుని రాశాడని తెలిసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే ఆశ్చర్యాన్ని నేను చాలాసార్లు చూశాను. ఆ రోజు ‘సహోదరులు’ అన్న మాటకు అర్థం కూడా అడుగుతారు.

మరొక ఉపాయం నాకు ఎప్పుడూ వమ్ము కాలేదు. అయిదో తరగతి పిల్లలు మీ బడిలో అందరికంటే పెద్దవారు. వారానికి రెండు రోజులు, భోజనం తరువాత పావుగంట, వారి చేత ఒకటో తరగతి పిల్లలకు కథలు చదివించండి. ఆ ఆరుగురికి సులువైన బొమ్మల కథ పుస్తకం చదవడానికి అప్పుడు గౌరవప్రదమైన కారణం దొరుకుతుంది. చిన్నపిల్లల కోసం ముందుగా చదివి సిద్ధం కావాలి కదా. తన కోసం ఆ పుస్తకం ముట్టని పిల్లవాడు, చిన్న తమ్ముడికి చెప్పడం కోసం మూడుసార్లు చదువుతాడు.

క్రమశిక్షణ సంగతికి వస్తే, మీరు భయం వద్దనుకున్నంత మాత్రాన తరగతి గాలికి పోతుందని అనుకోకండి. ఈ వయసు పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకునేది న్యాయాన్ని. టీచర్ ఎవరి వైపు మొగ్గుతోంది, ఎవరు చేస్తే తప్పయింది, ఎవరు చేస్తే నవ్వి ఊరుకుంది అని మొదటి వారంలోనే లెక్క వేసుకుంటారు. ఆ లెక్కలో మీరు నెగ్గితే చాలు, బెత్తం అక్కర్లేదు. చాలా బడుల్లో గది ఊడ్చేది అమ్మాయిలు, రిజిస్టరు తెచ్చేది అబ్బాయిలు. కొన్ని చోట్ల ఏ పని ఎవరిదన్నది ఊరి అలవాటును బట్టి నడుస్తుంది. మీ గదిలో బోర్డు తుడవడం, ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం, భోజనం దగ్గర చిన్నపిల్లలను కూర్చోబెట్టడం, ఇవన్నీ హాజరు పట్టీ వరసలో వారానికొకరి చొప్పున మారాలి. కూర్చునే చోట్లు కూడా వారానికోసారి మారాలి, భోజనం వరస కూడా. ఎవరికీ మినహాయింపు ఉండకూడదు. ఎవరైనా పెద్ద గొంతుతో ఎదురు మాట్లాడితే అందరి ముందు జవాబు చెప్పవద్దు. సాయంత్రం బడి వదిలాక రెండు నిమిషాలు ఆగమని, ఒంటరిగా, మామూలు గొంతుతో మాట్లాడండి. చూసేవారు లేనప్పుడు పదేళ్ల పిల్లవాడికి పట్టుదల ఎక్కువసేపు నిలవదు.

ముంబయి నుంచి వచ్చిన బాబు గురించి మీరు రాసిన మూడు వాక్యాలే నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేశాయి. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) ప్రాంతంలో పనిచేసినవారికి, తల్లిదండ్రులతో వలస వెళ్లి వచ్చే ఈ పిల్లలు కొత్త కాదు. ముందు కాగితాల విషయం: టీసీ లేదని చేర్చుకోవడం ఆపకూడదు, వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారితో సమానమయ్యేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. కాబట్టి వాడు అయిదో తరగతి పిల్లవాడే, అందులో సందేహం వద్దు. వాడిని మొదటి వారం పరీక్షించకండి, ఆరుగురితో పాటు వరండాకు కూడా పిలవకండి. వాడికి హిందీ వచ్చి ఉంటుంది, మరాఠీ కూడా కొంత వచ్చి ఉండవచ్చు. మీ తరగతిలో మరెవరికీ లేని ఆ ఆస్తిని అందరికీ కనిపించేలా చేయండి. రోజుకు ఒక్క వస్తువు పేరు హిందీలో ఏమంటారో తరగతికి చెప్పమనండి. నోరు విప్పకపోతే మీ చెవిలో చెబితే చాలని చెప్పండి, మీరు అందరికీ వినిపించండి. మంచి మనసున్న ఒక పిల్లవాడిని చూసి పక్కన కూర్చోబెట్టండి, తెలివైన పిల్లవాడినే వెతకనక్కర్లేదు. తలుపు వెనక్కి వెళ్లి దాక్కున్నాడంటే మీరు వచ్చింది తనను తీసుకెళ్లడానికని అనుకుని ఉంటాడు. ఇంకొకసారి వెళ్లండి. ఈసారి రిజిస్టరు లేకుండా, వాళ్లమ్మ పని నుంచి వచ్చే వేళకు వెళ్లి, బడి గురించి తక్కువ మాట్లాడి, ముంబయిలో వారు ఎక్కడ ఉండేవారో, ఏం పని చేసేవారో అడగండి. మళ్లీ ఎప్పుడు వెళతారో కూడా మెల్లగా కనుక్కోండి. దసరా తరువాత వెళ్లే ఆలోచన ఉంటే, పిల్లవాడిని అవ్వ, తాతల దగ్గర ఉంచే మాట ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి. బయలుదేరే ముందు రోజు చెబితే ఆ మాట వినిపించదు.

నవోదయ విషయం ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆ తల్లిదండ్రుల ఆశ న్యాయమైనదే, దానిని తీసిపారేయకండి. పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు ఉంటాయి. సగం మార్కులు మేధాశక్తి బొమ్మల ప్రశ్నలకు, మిగిలిన సగం గణితానికీ భాషకూ సమానంగా ఉంటాయి. భాష అంటే కొన్ని గద్యభాగాలు చదివి జవాబులు గుర్తించడం, అది తెలుగులోనే రాయవచ్చు. అంటే గణితమూ చదువూ మీరు ఎలాగూ తరగతికంతా నేర్పేవే. బొమ్మల ప్రశ్నలను మధ్యాహ్నం చివరి పది నిమిషాల్లో ఆటలాగా అందరి చేతా చేయించండి. చదవడం రాని పిల్లలు కూడా వాటిని చేయగలరు, కొందరు అందరికంటే ముందే చేస్తారు కూడా. దరఖాస్తు గడువు మాత్రం తప్పిపోకుండా చూడండి, ఆ పని తల్లిదండ్రులకు కష్టం. అయితే ముగ్గురి కోసం మిగిలిన ఇరవై మంది గంటను ఇవ్వకండి. ఆరో తరగతిలో ఒక నవోదయ విద్యాలయంలో ఉండేవి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లే, జిల్లా నుంచి వేలమంది రాస్తారు. సీటు రాకపోతే తాము ఓడిపోయామని ఆ ముగ్గురూ అనుకోకుండా ఇప్పటి నుంచే మాట్లాడుతూ ఉండాలి.

జూన్‌లో హాజరు కుదురుగా ఉండదని కూడా మనసులో పెట్టుకోండి. తొలకరి పడగానే పత్తి విత్తే పని, ఆ వెంటనే కలుపు పని ఉంటాయి. తమ్ముడిని చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయే అమ్మాయిలు ఉంటారు. రాని పిల్లవాడు రేపు వచ్చినప్పుడు ‘నిన్న ఎందుకు రాలేదు’ అన్నది మీ మొదటి మాట కాకూడదు. ‘నిన్న నువ్వు లేవు, కథ సగంలో ఆపాం’ అనండి. నిజంగానే ఆపండి.

నా లెక్కన జూలై మొదటి వారానికి మీ దగ్గర ఆ కాగితం నిండి ఉంటుంది, ఉదయపు గంట అలవాటై ఉంటుంది, పాఠాలు ఒకటో రెండో పూర్తయి ఉంటాయి. సిలబస్‌లో రెండు వారాలు వెనుకబడ్డారని, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఎవరైనా అంటే ఆ కాగితం చూపించండి, అక్కడ చూపించడానికి సందేహించకండి. ఏడాదిలో మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్‌ఏ-1) మార్కుల కంటే ఆ కాగితమే మీ తరగతి గురించి ఎక్కువ చెబుతుంది. ఆగస్టు మొదటి వారంలో అదే వరండాలో, అంతే కష్టమైన మరో కథతో అందరినీ మళ్లీ ఒకసారి చదివించి, పాత వివరం పక్కనే కొత్తది రాయండి. ఆ రెండు గడులూ నిండాక నాకు ఇంకొక ఉత్తరం రాయండి. ఆరుగురిలో ఎవరు ఎక్కడ ఆగారో, ఏ ఒత్తు దగ్గర ఆగారో కూడా రాయండి. ముంబయి బాబు ఏ మాటతో నోరు విప్పాడో తెలుసుకోవాలని నాకు చాలా ఆత్రంగా ఉంది.